గొంతు కింద గొంతు

కాకినాడ,
3-8-1980

చిరంజీవి వేణుగోపాలానికి,

ఇక్కడ నేనూ, నా పద్నాలుగు టైపు మిషన్లూ బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావో లేదో నీ ఉత్తరాలు చూస్తే తెలిసి చావదు. ఆరు వాక్యాలు రాస్తావు, అందులో నాలుగు ఎండ గురించే. దోహాలో ఎండ ఉంటుందని మా వీధి రిక్షావాడికి కూడా తెలుసునయ్యా. నువ్వేం తింటున్నావో, ఎవరితో ఉంటున్నావో రాయి.

మీ అక్క సుబ్బలక్ష్మి ఆబ్దికం పోయిన నెల పెట్టాను. పురోహితుడు వేళకే వచ్చాడు, వంటమనిషే రాలేదు. సుబ్బలక్ష్మి ఉంటే ఈ పాటికి ఆ వంటమనిషి ఊరు విడిచి పోయేది. నువ్వు రాలేదని ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ పోతే నిన్ను ఎనిమిదో ఏట చంకనెత్తుకొచ్చి పెంచిన మనిషి కదా అని మాత్రం ఎవరో అన్నారు. నేను పట్టించుకోలేదు.

ఉగాదికి వీధి వైపు తడక పీకించి ఇనప గేటు పెట్టించాను. తెరిస్తే చాలు, కాకిని తోక పట్టుకుని లాగినట్టు అరుస్తుంది. నూనె రాయమని పక్కింటి సత్యనారాయణ డాక్టరు రోజూ పోరు పెడుతున్నాడు. రాయను గాక రాయను. లోపల కూచునే ఎవరు ఎన్నింటికి వచ్చారో తెలిసిపోతోంది, అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు అసలు సంగతి. ఇరవయ్యేళ్ళుగా ఇంటి ముందు గదిలోని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో టకటకలు వినీ వినీ, మిషన్లకు ముసుగులు వేశాక కూడా నా చెవుల్లో టకటక ఆగడం లేదు. ఆ డాక్టరుకి అల్లుడు సింగపూరు నుంచి హెడ్‌ఫోన్స్ తెచ్చిపెట్టాడు. రెండు చెవులకీ తగిలించుకుని, వరండాలో కూచుని, వచ్చేపోయేవాళ్ళకి కనిపించేలా తలాడిస్తున్నాడు. అంతకంటే మంచిది నాకు పంపు. మొదటిది, చూడ్డానికి దర్జాగా ఉండాలి. రెండోది, మెత్తగా ఉండాలి, నా చెవులు అసలే ముసలివి. ఇక శబ్దమంటావా, అది ఎలా ఉన్నా సర్దుకుంటాను.

అన్నట్టు, మీ అక్క పోయిన పదమూడో రోజున నేను మాట్లాడి పంపిన క్యాసెట్ అందిందని రాశావు గాని, విన్నట్టు రాయలేదు. వినకపోయినా నష్టం లేదు. అందులో ఉన్నవన్నీ నీకు ఉత్తరంలో రాసినవే.

మిషన్లకు దుమ్ము దులపాలి, ఉంటాను.

మీ బావ,
రామచంద్రరావు


దోహా,
22-8-1980

పూజ్యులైన బావగారికి వేణు నమస్కారాలు.

మీరు తిట్టారని ఎండ గురించి రాయడం లేదు. అల్ మన్సూరాలో అదే రెండు గదుల ఫ్లాటు, అదే సుధాకరరావు. ఆయనది తెనాలి, ఆయన చేసే పప్పుచారు ఏ ఊరిదో తెలీదు. కంపెనీలో ఇంజినీర్లు గీసింది నేను మళ్ళీ గీస్తున్నాను. ఈ ఊళ్ళో గీసిన గీత ఆరు నెలల్లో గోడై లేస్తోంది. చమురు డబ్బు అలా ఉంది.

మీ హెడ్‌ఫోన్స్ కోసం నిన్న అల్ ముంతజాలో మొహియుద్దీన్ కొట్టుకి వెళ్ళాను. ఆయనది హైదరాబాదు, శాలిబండ. వెళ్ళగానే మూడు జతలు బల్ల మీద పరిచి, "చూడుండ్రి సాబ్, గిది సూరత్, గిది సుకూన్, గిది ఆవాజ్. మూడూ ఒక్కదాంట్ల కావాలంటే మాఫీ" అన్నాడు. అందం, హాయి, శబ్దం అని మూడింటికి మూడు పేర్లు పెట్టేశాడు. మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదని.

మొదటి జత చూస్తే మీరు వదలరు. వెండి అంచులు, నూకమాను రంగు చెక్క డొప్పలు, పైన తోలు పట్టీ. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే విమానం నడిపేవాడిలా ఉన్నాను. రెండోది మఖమలు దిళ్ళది, చెవుల మీద ఉందో లేదో తెలీదు, గొంతు మాత్రం దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వస్తుంది. మూడోది నల్లగా, రెండు అప్పడాల పీటలని ఇనప బద్దకి బిగించినట్టు ఉంటుంది. తల నొక్కేస్తుంది. పది నిమిషాలకి చెవులు మండాయి. ఇలాంటిది ఎవరు కొంటారని అడిగితే, "వినెటోళ్ళు కొంటరు. చూపిచ్చెటోళ్ళు కొనరు" అన్నాడాయన.

బాగా ఎరిగిన గొంతు ఉన్న క్యాసెట్ తెచ్చుకోమని ముందే చెప్పాడు, దాంతోనే తేడా తెలుస్తుందట. నా దగ్గర మీరు పంపిన క్యాసెట్ తప్ప ఇంకే గొంతుంది? వచ్చిన రోజున గదిలో ఒకసారి పెట్టి, సగంలో ఆపేశాను బావగారూ. మళ్ళీ ముట్టుకోలేదు. అందుకే మీకు ఏమీ రాయలేదు. కొట్టులో పదిమంది మధ్యనైతే ఏడుపు రాదని తీసుకెళ్ళాను.

ఆ నల్లదాంట్లో మీ గొంతు వింటే నాకు ఒళ్ళు జలదరించింది. మీరు కాగితం తిప్పడం, అక్క పేరు పలకబోయే ముందు గుటక వేయడం, అన్నీ పక్కన కూచున్నట్టు వినిపించాయి. వాటి వెనక గాజుల చప్పుడు కూడా వినిపించింది. మీరు "బాధ పడకుండా వెళ్ళిపోయింది" అన్న చోట ఎవరో ఆడవాళ్ళు గొంతు సవరించుకున్నారు.

మీరు మాట్లాడుతుంటే పక్కన ఎవరు కూచున్నారు? వేదవతి పిన్ని వచ్చిందా?

ఏ జత పంపమంటారో రాయండి.

మీ
వేణు


కాకినాడ,
8-9-1980

చిరంజీవి వేణుకి,

వెండి అంచులదే పంపు. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

నా పక్కన ఎవరూ లేరు. మీ వేదవతి పిన్ని పన్నెండో రోజునే బస్సెక్కింది. నేను తలుపులూ కిటికీలూ మూసి, ఒక్కణ్ణే కూచుని మాట్లాడాను. నీకు వినిపించింది ఫ్యాను. మా ఫ్యానుకి ఒక రెక్క వదులు, గాజుల్లాగే చప్పుడు చేస్తుంది. క్యాసెట్ కూడా కొత్తది, మెయిన్ రోడ్డులో నేనే కొని, పైన కాగితం నా చేత్తో చింపాను.

ఆ నల్లదాని జోలికి పోకు. చెవులు మండేలా నొక్కే వస్తువు ఎవడైనా కొంటాడా? వినడమన్నది హాయి కోసం. ఉన్నదంతా వినాలని ఎక్కడా లేదు.

వర్షాలు పడుతున్నాయి. మిషన్లలో ఎనిమిదో నంబరుకి 'ఇ' అక్షరం విరిగింది. పిల్లలంతా దాని మీదికే ఎగబడుతున్నారు, తప్పులు పోతే మిషన్ మీద వేయొచ్చని.

ఇవాళ్టికి చాలు.

మీ బావ


దోహా,
26-9-1980

బావగారికి నమస్కారాలు.

మీకు చెప్పకుండా నల్ల జత నాకోసం కొనేశాను. ఇవాళ శుక్రవారం, సెలవు. మధ్యాహ్నం సుధాకరరావు నిద్రపోయాక మొదలుపెట్టి మీ క్యాసెట్ నాలుగుసార్లు విన్నాను. అది ఫ్యాను కాదు.

మీరు నమ్మరని హన్మాండ్లుకి కూడా వినిపించాను. అతను మా సైటులో మేస్త్రీ, నిజామాబాదు వైపు ఊరు, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఉంటాడు. చదువు రాదు గనక శుక్రవారాలు నా దగ్గరికి వచ్చి ఇంటికి ఉత్తరం రాయించుకుంటాడు. నేనేమీ చెప్పకుండా అతని చెవులకి తగిలించాను. రెండు నిమిషాలు విని, ఠక్కున తీసేసి గోడకి జరిగాడు.

"ఇదేంది సార్, పెద్దమనిషి మాట కింద ఎవలో ఆడామె మాట్లాడుతున్నది" అన్నాడు.

"ఏమంటోంది?"

"చెప్పకుండ్రి అంటున్నది. మీ దిక్కు మాట. వానికి చెప్పకుండ్రి అంటున్నది. నాకు భయమైతున్నది సార్, నేను పోతా."

ఉత్తరం కూడా రాయించుకోకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు నేను మళ్ళీ విన్నాను. "నాకిలా ఉందని వాడికి చెప్పకండి." అది అక్క గొంతు. ఆ గొంతు నాకు ఇంకొకరు చెప్పాలా బావగారూ?

మొహియుద్దీన్‌ని సాయంత్రం అడిగితే నవ్వేశాడు. మీ టేపు రికార్డరులో సెల్స్ నీరసపడి ఉంటాయట. అలాంటప్పుడు దాని మీద కొత్తగా మాట్లాడితే పాత మాట పూర్తిగా చెరగదు, అడుగున సన్నగా మిగిలిపోతుంది. మామూలు వాటిలో వినపడదు, ఈ నల్లదాంట్లో వినపడుతుంది. అంతేనట, దయ్యం లేదు భూతం లేదు.

అలాగైతే ఆ క్యాసెట్ కొత్తది కాదు. చీటీ లేపి చూశాను. కింద ఎర్ర సిరాతో నేను పెట్టిన టిక్కు ఉంది. అక్కా నేనూ ఉత్తరాలకి బదులు అటూ ఇటూ పంపుకున్న క్యాసెట్ అది. ఆవిడ మాట్లాడి పంపితే నేను విని, దాని మీదే మాట్లాడి తిరిగి పంపేవాణ్ణి. ఆఖరున, పోయినేడు వైశాఖంలో, నేనే పంపాను. దానికి అక్క జవాబు మాట్లాడింది. ఆ జవాబు మీద మీరు మాట్లాడారు.

కొత్తదని నాతో ఎందుకు అబద్ధం చెప్పారు? ఏం చెప్పొద్దంది? జబ్బు చేసి ఎన్ని రోజులుంది? రెండు రోజుల్లో పోయిందని రాశారు. డాక్టర్ని పిలిచారా అసలు? నాకు టెలిగ్రాం అందేసరికి పోయి నాలుగు రోజులైంది. తపాలా వాళ్ళ ఆలస్యమన్నారు.

ఇవాళ నాకు కోపంగా ఉంది. అందుకే ఇక్కడితో ఆపుతున్నాను.

వేణుగోపాలరావు


కాకినాడ,
12-10-1980

వేణుగోపాలరావుకి,

డాక్టర్ని పిలిచానా అని అడుగుతావా? నన్ను? ఇరవై మూడేళ్ళు కాపురం చేసినవాణ్ణి! నీ నిక్కరుకి బొత్తాలు కుట్టిన చేతులురా నావి. నా గొంతు కింద దొంగసొత్తు వెతికినట్టు వెతుకుతూ కూచున్నావా శుక్రవారమంతా?

నీ ఉత్తరం రెండుసార్లు చింపబోయి ఆగాను. సరే, విను.

కామెర్లు. పదకొండు రోజులు. సత్యనారాయణ పూటకోసారి వచ్చాడు, పెద్దాసుపత్రి డాక్టరు కూడా చూశాడు. రెండో రోజునే నీకు టెలిగ్రాం ఇస్తానన్నాను. మీ అక్క నా చెయ్యి తన చేతిలో వేయించుకుని ఇవ్వొద్దంది. ఎందుకో తెలుసా? నువ్వు ఆ వైశాఖం క్యాసెట్‌లో ఏం చెప్పావో మరిచిపోయావా? "ఇక్కడ పాస్‌పోర్టు కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర ఉంటుందే అక్కా, వాడు సంతకం పెడితేగాని దేశం దాటనివ్వరు. తోడబుట్టినవాళ్ళు పోతున్నా పంపరు. గొడవపడితే ఉద్యోగం పోతుంది" అన్నావు. ఆవిడ ఆ మాట ఎన్నిసార్లు తిప్పి తిప్పి వేసుకుని విందో నాకు తెలుసు. "వాడు తెలిస్తే ఆగలేడు, వాళ్ళు వదలరు, అక్కడ గోల పడతాడు. నాకు తగ్గాక చెబుదాం లెండి" అంది. తగ్గలేదు.

టెలిగ్రాం తపాలా వాళ్ళు ఆలస్యం చెయ్యలేదు. అంతా అయిపోయాక, మూడో రోజున నేనే ఇచ్చాను. ఆవిడ మాట నిలబెట్టాను, నీ దగ్గర అబద్ధమాడాను. తప్పు నాదే.

క్యాసెట్ పాతదే. రికార్డరులో ఉన్నది ఉన్నట్టే, చూసుకోకుండా మీట నొక్కేశాను. అందులో "చెప్పకండి" తప్ప ఇంకేమీ లేదు. ఇక వినకు. నా మీద ఒట్టు.

రామచంద్రరావు


దోహా,
31-10-1980

పూజ్యులైన బావగారికి,

మీ కాళ్ళ మీద పడుతున్నాను. ఆ ఉత్తరం నేను రాయకుండా ఉండాల్సింది. కోపంలో ఏదో కూశాను. మీరు నిక్కరు బొత్తాల మాట ఎత్తేసరికి ఏడ్చాను, సుధాకరరావు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

మీ ఒట్టు మాత్రం తప్పాను. ఉన్నది చెప్పేస్తున్నాను. మీ ఉత్తరం అందాక రెండు శుక్రవారాలు మళ్ళీ విన్నాను. చెవుల పైన పొక్కులు లేచాయి, ఆయింట్‌మెంట్ రాసుకుని మళ్ళీ పెట్టుకున్నాను. ఏదో అవుతోంది బావగారూ. మొదటిసారి గాజులే వినిపించాయి. తర్వాత ఒక మాట. ఇప్పుడు వాక్యాలు వస్తున్నాయి. వినేకొద్దీ అక్క పైకి వస్తోంది, మీరు కిందికి పోతున్నారు. టేపు అలా మారదని మొహియుద్దీన్ అంటాడు, నా చెవులకి అలవాటైందంటాడు. కావచ్చు.

మీరు "చివరిదాకా నీ పేరే తలుచుకుంది" అన్న చోట, మీ మాట అయ్యాక, అక్క అంటోంది: "వాణ్ణి రమ్మనండి." ఒకసారి కాదు. ఇంకా కింద "ఒరేయ్ వేణూ, రారా" అని కూడా ఉందనిపిస్తోంది, అది మీ దగ్గుతో కలిసిపోయింది. చెప్పొద్దన్న మనిషి రమ్మనడమేమిటి? నాది భ్రమా?

ఇప్పుడు చెవులకి ఏమీ లేకపోయినా వినిపిస్తోంది. మొన్న ఆఫీసులో గీత గీస్తుంటే ఏసీ చప్పుడు అడుగున పిలిచింది. "ఆఁ" అన్నాను పైకి. పక్కనున్న కేరళ అతను నా మొహం చూశాడు. ఇలా ఎన్నాళ్ళు? పని చేయలేకపోతున్నాను, తినలేకపోతున్నాను. ఆవిడ పిలిచిందో లేదో తెలిస్తే చాలు. పిలిస్తే పిలిచిందని ఏడుస్తాను, పిలవకపోతే నా పిచ్చి అని వదిలేస్తాను.

సుధాకరరావు సెలవు మీద వెళ్తున్నాడు. అతని చేత క్యాసెట్ పంపుతున్నాను. మీరు కోరిన వెండి జత పంపుతున్నాను, నా నల్ల జతా పంపుతున్నాను. రెండిటి పిన్నూ మన రికార్డరుకి సరిపోతుంది. వెండిదాంతో వింటే మీ గొంతు ఒక్కటే వినిపిస్తుంది. ఏది పెట్టుకుంటారో మీ ఇష్టం. మీరు ఏం రాస్తే అదే నమ్ముతాను, ఇక అడగను.

మీ
వేణు


కాకినాడ,
16-11-1980

నాయనా వేణూ,

సుధాకరరావు దీపావళి మర్నాడు వచ్చాడు. మర్యాదస్తుడు. గేటు అరుపుకి అదిరిపడి చెప్పులు అక్కడే వదిలేశాడు పాపం. కాఫీ తాగి, పెట్టె ఇచ్చి వెళ్ళాడు.

ముందు వెండి జతే పెట్టుకున్నాను. అద్దంలో చూసుకున్నాను కూడా, సిగ్గులేదు నాకు. ఎంత బాగుందో! మెత్తగా, హాయిగా, నా గొంతే నాకు రేడియోలో వార్తలు చదివేవాడిలా వినిపించింది. ఒక పక్కంతా విన్నాను. ఆవిడ లేదు. వెంటనే కాగితం తీసి "అంతా నీ భ్రమ, ఏమీ లేదు, హాయిగా పని చేసుకో" అని నీకు ఉత్తరం రాసేశాను. కవరు అంటించాను. అది ఇంకా నా బల్ల మీదే ఉంది.

నువ్వు రాసిన ఆ ఒక్క మాట, నేను ఏం రాస్తే అదే నమ్ముతానన్నది, దాన్ని పోస్టులో వేయనివ్వలేదు. నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం మిషన్లు ఖాళీగా ఉన్నప్పుడు, నల్లది పెట్టుకున్నాను.

ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన మొదటి రోజునే పిల్లలకి చెబుతాను, తప్పు అక్షరం మీద ఇంకో అక్షరం కొట్టకండర్రా, రెండూ కనిపిస్తాయి అని. ఇరవయ్యేళ్ళుగా చెబుతున్నాను. నేను అదే చేశాను.

పిలిచిందిరా. నీది భ్రమ కాదు.

తొమ్మిదో రోజున రికార్డరు మంచం మీద పెట్టించుకుంది. నువ్వు విన్నవన్నీ ఆవిడ అన్న మాటలే. ముందు నాతో చెప్పకండి అంది, కాసేపటికే మనసు మారింది. "వాణ్ణి రమ్మనండి, ఉద్యోగం పోతే పోయింది, నేను చూడాలి" అంది. నేను టెలిగ్రాఫ్ ఆఫీసుకి వెళ్ళాను. ఫారం నింపాను. కౌంటరు ముందు నా వంతు వచ్చింది. అప్పుడు, ఇది జ్వరంలో అంటోంది, రేపు తెలివిలోకొస్తే నన్ను తిడుతుంది, చేతిలో చెయ్యి వేసిన మాట తప్పానంటుంది అనుకున్నాను. వాళ్ళు నిన్ను వదలరు, నువ్వు అక్కడ తల బాదుకుంటావు అనుకున్నాను. అవన్నీ అప్పటికి నిజంగానే తోచాయి. ఫారం మడిచి జేబులో పెట్టుకుని తిరిగొచ్చేశాను.

ఇంటికొచ్చి ఆవిడతో ఇచ్చానని చెప్పాను. బయల్దేరాడన్నాను.

రెండు రోజులు బతికింది నా మాట పట్టుకుని. తడక కదిలితే తలెత్తేది. పాలవాడు వచ్చినా, కుక్క తోసుకొచ్చినా, "వచ్చాడా?" అనేది. "వస్తున్నాడు, బొంబాయిలో దిగాడు" అన్నాను. సామర్లకోటలో దిగాడని కూడా అన్నాను. ఆవిడ చెవి తడక వైపు పెట్టుకునే పోయింది వేణూ.

పదమూడో రోజున ఆ క్యాసెట్ వేసుకుని విన్నాను. నీకు పంపాలి, పంపలేను. పారెయ్యలేను. ఆవిడ నిన్ను పిలిచిన పిలుపు నువ్వు వింటే బతకవనుకున్నాను. అది అబద్ధం. నువ్వు వింటే నేను బతకలేననుకున్నాను. చూసుకోకుండా నొక్కలేదు. చూసుకునే నొక్కాను.

ఇక నీ ఇష్టం. నన్ను ఏమన్నా పడతాను.

ఒక్కటి మాత్రం నాకు చెప్పు. ఇది నిన్ను అడగడానికే రాస్తున్నాను. నా మాటలన్నీ అయిపోయాక టేపు ఇంకా కొంతసేపు ఊరికే తిరిగింది. ఆపలేదు. చెవులు పగిలిపోతున్నా తీయలేదు, ఆవిడ ఇంకేమైనా అంటుందేమోనని. చివర్లో గేటు అరిచింది. పిల్లలెవరో వచ్చారనుకుని హెడ్‌ఫోన్స్ తీసి, లేచి చూశాను. గేటుకి గొళ్ళెం వేసే ఉంది. వీధిలో ఎవరూ లేరు. వెనక్కి తిప్పి మళ్ళీ వేశాను. అరిచింది టేపులో.

అదే గేటురా, కాకి అరుపు. పోయినేడు పదమూడో రోజున నేను మాట్లాడినప్పుడు ఈ ఇంటికి తడకే ఉంది. ఇనప గేటు వచ్చింది ఈ ఉగాదికి.

గేటు అరుపు తర్వాత మీ అక్క మాట్లాడింది. అడుగు నుంచి కాదు, సన్నగా కాదు. నా చెవి దగ్గర కూచుని, బాగున్నప్పటి గొంతుతో, "వచ్చావా" అంది.

నువ్వు ఇన్నిసార్లు విన్నావు కదా, గేటు సంగతి ఒక్కసారీ రాయలేదేం?

బావ


దోహా,
2-12-1980

బావగారికి,

మీ ఉత్తరం చదివాను. మిమ్మల్ని ఏమీ అనను. అనడానికి నాకు మొహం లేదు, ఎందుకో చెబుతాను.

నిన్న కఫీలు దగ్గరికి వెళ్ళాను. మూడేళ్ళలో ఆయన గది గడప తొక్కడం ఇదే మొదటిసారి. ఇంటికి వెళ్ళాలన్నాను. ముసలాయన టీ ఇప్పించి, అక్కడికక్కడే కాగితం మీద సంతకం పెట్టి, పాస్‌పోర్టు నా చేతిలో పెట్టాడు. పోయినేడు మా అక్క చావుబతుకుల్లో ఉన్నప్పుడు అడిగితే పంపేవారా అని అడిగాను. ఆయన నా వైపు వింతగా చూసి, "ఆ రోజే పంపేవాణ్ణి. నువ్వు అడగలేదుగా" అన్నాడు.

నేను అడగలేదు బావగారూ. ఆ వైశాఖం క్యాసెట్‌లో చెప్పినవన్నీ క్యాంపులో ఎవరెవరో చెప్పుకునే మాటలు. వేసవికి రమ్మని అక్క పోరుతుంటే, ఓవర్‌టైము వదులుకోలేక, నేను సాకుగా వాడుకున్నాను. ఆవిడ దాన్ని నమ్మి నోరు కట్టుకుంది. మీరు నమ్మి ఫారం జేబులో పెట్టుకున్నారు. మీరు అబద్ధమాడారు, నిజమే. ఆ అబద్ధం మీ చేతికిచ్చింది నేను.

మీరు అడిగినదానికి జవాబు. నేను పంపిన టేపులో గేటు లేదు. మీ గొంతు అయ్యాక చివరిదాకా ఏమీ లేదు. ప్రతి శుక్రవారం అది ఆగేదాకా వినేవాణ్ణి, ఇంకేమైనా అంటుందేమోనని, మీలాగే. హన్మాండ్లు ఒకరోజు ధైర్యం తెచ్చుకుని నాతో కూచుని విన్నాడు. అతనికీ ఏమీ వినపడలేదు. మీ ఇనప గేటు ఎలా అరుస్తుందో నేను ఇంతవరకు వినలేదు.

పద్నాలుగున బొంబాయిలో దిగుతాను. పదహారు పొద్దున్న సామర్లకోట. స్టేషనుకి రావద్దు, ఇంట్లోనే ఉండండి. ఆ నల్లది మళ్ళీ పెట్టుకోకండి, చెవులు పుండ్లు పడతాయి.

గేటుకి నూనె రాయకండి. నేనే దాన్ని తెరుచుకుని లోపలికి వస్తాను.

మీ
వేణు